ఇంకో రెండు పూటలు, అంతే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది సఖినేటిపల్లి వైపు. రోజూ గోదారి దాటించే పంటెక్కి నరసాపురంలో ఉద్యోగానికి వెళ్ళొస్తాను. చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేస్తున్నాను గానీ ఎక్కడా నేర్చుకోలేదు. పోయినేడు అంతర్వేది తీర్థం రోజుల్లో పొద్దున్నే రేవులో చూసిన దృశ్యాన్ని మూడడుగుల కాన్వాసు మీద నూనెరంగుల్లో మొదలుపెట్టాను. జనంతో నిండిన పంటు ఒడ్డుకి వస్తుంటుంది, అంచున ఒక ముసలావిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది. పదకొండు నెలలైంది, ఇంకా అవలేదు. ప్రతి ఆదివారం నీళ్ళు దిద్దుతాను, వచ్చే ఆదివారానికి మళ్ళీ నచ్చవు. నాతో చదువుకున్న స్నేహితురాలు వారానికి నాలుగు నీటిరంగుల బొమ్మలు వేసి అమ్మేస్తోంది. ఉగాదికి కొందరం కలిసి ప్రదర్శన పెట్టుకుంటున్నాం. అమ్మేమో "ఇంకెన్నాళ్ళే ఆ నీళ్ళతో" అంటోంది. అసలు ఒక బొమ్మకి ఎంత టైము పెట్టాలండి? అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఫిబ్రవరిలో, ఆగస్టులో, డిసెంబరులో తీసిన ఫోటోలు మూడు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు

అమ్మా,

నీ ఫోటోలు మూడూ ప్రింటు తీయించి, బల్లమీద వరసగా పెట్టుకుని, రెండు రోజులు వస్తూ పోతూ చూశాను. ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఈ కాన్వాసుకి ఇంకో రెండు పూటలు పెట్టు. అంతే. మూడో పూట దాని ముందు కుంచె పట్టుకోకు.

పదకొండు నెలలు పట్టినందుకు నిన్ను తప్పు పట్టడం లేదు. నూనెరంగుల్లో అంత కాన్వాసుకి ఏడాది పట్టినా వింతేం కాదు. ఆ నెలల్లో బొమ్మకి ఏమైందన్నదే నన్ను రెండు రోజులు బల్ల చుట్టూ తిప్పింది.

ఫిబ్రవరి ఫోటోలో ముసలావిడకి ముఖమే లేదు. నాలుగైదు కుంచె గీతలే ఆవిడ. మెడ కాస్త ముందుకి సాగింది, నడుం ఒంగింది, ఎడమచేతిలో చెప్పులు వేలాడుతున్నాయి, కుడిచెయ్యి పక్కనున్న ఎవరిదో మోటారుసైకిలు సీటు మీద ఆనింది. అంతమాత్రానికే ఆవిడ ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో, ఒడ్డు తగలగానే ఎలా అడుగు వెయ్యబోతోందో నాకు తెలిసిపోయింది. నీళ్ళలో ఎడంపక్క జానెడు మేర మొదటి పూత అలాగే వదిలేశావు. బొమ్మలోకి వెలుగంతా అక్కణ్ణుంచే వస్తోంది. ఆగస్టుకి ఆవిడకి ముఖం వచ్చింది, బాగానే వచ్చింది. జనం కుదిరారు, పంటు బరువు నీళ్ళమీద కూర్చుంది. నన్నడిగితే నీ బొమ్మ ఆగస్టుకి కొంచెం ముందే ఎప్పుడో అయిపోయింది. డిసెంబరు ఫోటోలో ఆవిడ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఆవిడ ఇక పంటు దిగేలా లేదు, నిలబడి ఫోటో తీయించుకుంటున్నట్టుంది.

ఇక నీళ్ళ సంగతి. అసలు చిక్కంతా ఇక్కడుంది.

సఖినేటిపల్లి రేవులో నిలబడితే నరసాపురం నీకు పడమర. పొద్దున్న ఏడింటికి సూర్యుడు నీ వీపు వెనక ఉంటాడు. ఎదురుగా వచ్చే పంటు మీద ఎండ సూటిగా పడుతుంది, చీరల రంగులు విచ్చుకుంటాయి, నీళ్ళు మాత్రం మెరవకుండా మెత్తగా, నిండుగా ఉంటాయి. సాయంత్రం అయిదున్నరకి అదే చోట నిలబడు. సూర్యుడు నరసాపురం వెనక్కి దిగుతుంటాడు. నీళ్ళు వెండిరేకులా కళ్ళు చెదరగొడతాయి, పంటు మీది మనుషులు నల్లటి నీడలైపోతారు. నీ డిసెంబరు బొమ్మలో పంటు మీదేమో పొద్దుటి ఎండ, నీళ్ళమీదేమో సాయంత్రం మెరుపు. ఉద్యోగం నుంచి తిరిగొచ్చి, పంటు దిగి వెనక్కి తిరిగి చూసిన నీళ్ళు నీ మనసులో ఉండిపోయి, ఆదివారం కుంచెలోకి దిగిపోయాయి.

వెలుగు అలా ఉంటే, నీటి రంగు ఇంకోలా ఉంది. అక్కడ వశిష్ఠ గోదారికి సముద్రం దగ్గరే. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పైగా రుతువుని బట్టి నీటి రంగే మారిపోతుంది. మాఘంలో, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు బిగించి ఉన్న రోజుల్లో, కిందనున్న ఏట్లోకి ఉప్పునీరు ఎక్కి నీలమూ పచ్చా కలిసినట్టుంటుంది. ఆషాఢం దాటేసరికి ఎర్రనీరు దిగుతుంది, చిక్కటి టీ రంగులో, దుంగల్నీ తుంగనీ మోసుకుంటూ. కార్తీకానికి మళ్ళీ తేరుకుంటుంది. నీ ఆగస్టు ఫోటోలో పంటు కింద నీడ చూడు, ఎర్రమట్టి రంగు వచ్చి చేరింది. డిసెంబరుకి దానిమీద నీలం కప్పావు. నువ్వు ప్రతి ఆదివారం అవే నీళ్ళు దిద్దుతున్నానంటున్నావు. కాదమ్మా, ఆదివారానికో గోదారిని తెచ్చి అదే కాన్వాసు మీద పోస్తున్నావు. ముందు పోసిన గోదారి తప్పు కాబట్టి కాదు, అది పోయిన వారానిది కాబట్టి నీకు నచ్చడం లేదు. ఇలా పోస్తూ పోతే పదకొండు నెలలు కాదు, పదకొండేళ్ళయినా బొమ్మ అవదు.

ఈ సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు కోటిపల్లి రేవులో కూర్చుని నీటిరంగులతో ఒక బొమ్మ వేశాను. పడవలు రెండు, గట్టుమీద ఒక రావిచెట్టు, మిగతాదంతా ఆకాశమే. ఆకాశం ఒక్క పూతలో వచ్చేసింది. కాగితం మీద తడి మెరుపు పోయి, చెమ్మ ఇంకా ఉన్న క్షణంలో మబ్బుకి కింద కొంచెం బూడిదరంగు తాకిస్తే అది దానంతటదే పాకి, అంచులు కరిగి, నిజంగా వాన పట్టిన మబ్బులా నిలిచింది. అప్పుడు లేచి ఇంటికి వచ్చేయాల్సింది. ఇంకొంచెం చిక్కగా ఉంటే బాగుంటుందనిపించి మళ్ళీ తడిపాను. మరక పడింది. మరక పోగొట్టడానికి ఇంకోసారి తడిపాను. నాలుగోసారికి కాగితం మీద నూగు లేచింది. కుంచె తీస్తే వెంట్రుకల మధ్య కాగితం పీచు ఉంది. రంగు అంతా కలిసిపోయి బురద అయింది. ఏం తక్కువైందని ఆ మొదటి తడి పెట్టావని అప్పుడెవరైనా అడిగితే నేను జవాబు చెప్పలేకపోదును. ఏదో తక్కువైనట్టుంది, అంతే. ఆ "ఏదో" అన్న మాట నాకు ఆ మబ్బుని లేకుండా చేసింది. అలాంటి మబ్బు ఆ తర్వాత నాకు ఎప్పుడూ రాలేదు.

మా అమ్మ లేసు అల్లేది. నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లని అరుగు ఎక్కడుంది! నల్లపూసలంత కన్నాలున్న అల్లికలో, పువ్వుకి రేకు ఒకటి తక్కువైందని మూడు వరసలు దాటాక చూసేదామె. నోట్లో ఒక్క మాటా అనేది కాదు. సూది తీసి, దారం పట్టుకుని లాగుతూ, అల్లినది విప్పుకుంటూ వెనక్కి వెళ్ళేది. సరిగ్గా ఆ తప్పు దగ్గరికి రాగానే బొటనవేలు గోరు అక్కడ నొక్కిపెట్టి ఆగేది. అంతకు ఒక్క ముడి కూడా ఎక్కువ విప్పేది కాదు. అక్కణ్ణుంచి మళ్ళీ అల్లుకొచ్చేది. నేను బొమ్మల విషయంలో పట్టుకున్న పద్ధతి ఆ గోరే. కాన్వాసు ముందు నిలబడి, "ఇదిగో, ఇక్కడ, ఇది తప్పు, ఇలా ఉండాలి" అని వేలు పెట్టి చూపించగలిగితే కూర్చుని పని చెయ్యి, నెల పట్టినా సరే. వేలు పెట్టి చూపించలేక, ఏదో అనిపిస్తోందంటే మాత్రం కుంచె కడిగేసి లే. ఎందుకంటే ఆ అనిపించడం బొమ్మలో లేదు. రేపు నలుగురూ చూసి ఏమంటారోనన్న దిగులది. బొమ్మ అవనంతకాలం ఎవరూ ఏమీ అనరు కదా. నీ ఉత్తరంలో ఈ మాట నువ్వు రాయలేదు గానీ, ప్రదర్శన గురించి రాసిన వాక్యం పక్కనే అమ్మ మాట రాశావు చూడు, అక్కడ నాకు వినిపించింది.

వేలు పెట్టి చూపించడమంటే ఎలా ఉంటుందో ఒక పెద్దాయన దగ్గర చూద్దాం. ఫ్రాన్సులో సెజాన్ అనే చిత్రకారుడు 1899లో వొల్లార్ అనే బొమ్మల వ్యాపారి చిత్రం వేశాడు. అందుకోసం ఆయన్ని 115 సార్లు కూర్చోబెట్టాడని ఆ వొల్లారే రాసుకున్నాడు. అన్నిసార్లు కూర్చున్నాక కూడా చేతి మీద రెండు చిన్న చోట్ల రంగు పడక కాన్వాసు బయటికి కనిపిస్తూనే ఉంది. అదేమిటని అడిగితే సెజాన్ చెప్పిందేమిటంటే, అక్కడ సరైన రంగు దొరకాలి, తోచిందేదో పులిమేస్తే ఆ చోటు నుంచి మొదలుపెట్టి బొమ్మంతా మళ్ళీ వెయ్యాల్సొస్తుందని. చివరికి దాన్ని అలాగే ఉంచి తన ఊరు వెళ్ళిపోయాడు. చొక్కా ముందుభాగం పర్లేదు అన్నాడట. ఆ 115 పూటల్ని ఎవరం తప్పు పట్టగలం? ఏ చోట ఏం తెలియడం లేదో ఆయనకి తెలుసు. తెలియని చోట కుంచె పెట్టలేదు. నువ్వు ఫిబ్రవరిలో ఎడంపక్క వదిలేసిన ఆ జానెడు చోటు కూడా అలాంటిదే. నీకు తెలియకుండానే మంచి పని చేశావు, తర్వాత నువ్వే కప్పేశావు.

నీ స్నేహితురాలితో పోల్చుకోవడం మానెయ్యి. నీటిరంగుల నడక వేరు. కాగితం ఆరేలోపే అక్కడ సగం పని తేలిపోతుంది, ఆగి ఆలోచించుకునే వీలుండదు. ఆ అమ్మాయి వారానికి నాలుగు వేస్తోందంటే వాటి వెనక చించేసినవి ఎన్నో ఉండి ఉంటాయి. అడిగి చూడు.

గడువు గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఉగాది అనేసరికి నువ్వు భయపడుతున్నావు. మొన్న కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాను. ప్రభలు చూసే ఉంటావు. వెదురు వంచి కట్టిన ఆ పెద్ద చట్రానికి కొత్తబట్టలు చుట్టి, రంగురంగుల నూలుదారాలు అల్లి, గంటలూ పూలదండలూ వరికంకులూ కట్టి, ఊళ్ళోవాళ్ళే రాత్రింబవళ్ళు కూర్చుని తయారు చేస్తారు. మా చుట్టాల ఊళ్ళో కనుమ ముందురోజు రాత్రి ఒక కుర్రాడు పక్క అంచు దారాలు వంకరగా వచ్చాయని మళ్ళీ విప్పబోతే, పెద్దాయనొకాయన వచ్చి కొంచెం దూరంగా నిలబడి చూసి, "రేపు మనుషుల భుజాలమీద ఊగుతుందిరా, ఆ ఊపులో ఇది కనపడదు. తలకట్టు దగ్గర ముడి వదులుగా ఉంది, అది చూడు ముందు" అన్నాడు. పొద్దున్న లేచి ప్రభ భుజాలకెత్తాల్సిందే. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటాల్సిందే. కనుమ ఎవరికోసమూ ఆగదు. తేదీ అలా బిగుసుకుని ఉండబట్టే, ఏది దిద్దాలో ఏది వదలాలో ఆ పెద్దాయనకి అంత స్పష్టంగా కనిపించింది. నీకు ఉగాది అలాంటి కనుమ అనుకో.

బాపు పుట్టింది నువ్వు రోజూ పంటు దిగే నరసాపురంలోనే, 1933లో. ఆయన బొమ్మలు వారపత్రికలకి వెళ్ళేవి. వారం తిరిగేసరికి బొమ్మ చేతికి అందాల్సిందే. ఆ గీతలో తొందర ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడు. గడువు పెడితే కళ చెడుతుందనే మాట నేను ఆయన గీత చూశాక నమ్మడం మానేశాను. వీలైతే ఒక ఆదివారం రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఓ పూట గడిపిరా. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, 28 ఏళ్ళు నిండకుండానే. ఆ గోడల మీద నూనెరంగులున్నాయి, నీటిరంగులున్నాయి, పెన్సిలు గీతలున్నాయి. పెద్ద చిత్రాల్ని చూశాక ఆ చిన్న గీతల దగ్గర ఎక్కువసేపు ఆగు. ఎక్కడ చెయ్యి ఎత్తేశారో చూడు. నేను వెళ్ళినప్పుడల్లా చూసేది అదే.

ఇప్పుడు నీ కాన్వాసు పని చెబుతాను.

పదిహేను రోజులు దాన్ని గోడ వైపు తిప్పిపెట్టు. మధ్యలో తొంగిచూడకు. ఆ పదిహేను రోజులూ పొద్దున్న పంటు కోసం ఆగే పావుగంటలో చిన్న నోటుపుస్తకంలో ఆ రేవు నీళ్ళే గీసుకో. పెన్సిలు చాలు. పోటో పాటో పక్కన రాసుకో. ఒక్క పంటు వెళ్ళి ఇంకొకటి వచ్చేలోపు అయిపోవాలి, అవకపోతే అలాగే వదిలేసి పంటెక్కు. ఇంటికొచ్చాక దాన్ని ముట్టుకోకు.

తర్వాత కాన్వాసు తిప్పి, ఆరడుగుల దూరంలో నిలబడి చూడు. ఫోనులో ఫోటో తీసి రంగులు తీసేసి నలుపు తెలుపుల్లో చూడు. ఆ సాయంత్రం మెరుపులు పొద్దుటి బొమ్మలో ఎంత తెల్లగా పొడుచుకొస్తున్నాయో నీకే తెలుస్తుంది. మొదటి పూట పని అదే, వాటిని అణచడం. నీలంలో కొంచెం పచ్చ కలిపి, లిన్సీడ్ నూనెతో పల్చగా చేసి, అద్దంలోంచి చూసినట్టుండేలా ఆ మెరుపుల మీద ఒక్క పూత వెయ్యి. పైపూతలకి టర్పెంటైన్ ఎక్కువ వాడుతున్నట్టుంది నువ్వు, ఫోటోలో రంగు చచ్చినట్టు కనపడుతోంది. అలా వద్దు. కింద పూతల్లోకన్నా పై పూతల్లో నూనె ఎక్కువ ఉండాలి. కింద జిడ్డుగా, పైన పొడిగా ఉంటే పైది ముందు ఆరి, కిందది తర్వాత ఆరుతూ కదిలి, పై రంగు పగుళ్ళిస్తుంది. పదకొండు నెలలు పూతమీద పూత వేసిన కాన్వాసుకి ఈ ప్రమాదం ఎక్కువ. నిన్ను ఆపమనడానికి ఇది కూడా ఒక కారణం.

అది తడి ఆరి, వేలికి అంటుకోకుండా అయ్యాక రెండో పూట ముసలావిడ. కనురెప్పల మీద, ముఖం ఒక పక్క నీడ మీద మెత్తటి కుంచెతో పల్చటి రంగు వేసి అంచులు కరిగించు. ముఖం చెరిపెయ్యమని కాదు, వెనక్కి జరపమంటున్నాను. ఫిబ్రవరి ఫోటో పక్కనే పెట్టుకో, మెడ వంపు దానిలోది తీసుకో. చెప్పులు ముట్టుకోకు, అవి మూడు ఫోటోల్లోనూ అద్భుతంగా ఉన్నాయి.

అంతే, సంతకం పెట్టెయ్యి. ఉగాదికి వార్నిషు వెయ్యకు. నూనెరంగు లోపలిదాకా ఆరడానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది, మన చెమ్మగాలికి ఇంకొంచెం ఆలస్యమే అవుతుంది. వార్నిషు లేకుండానే గోడకి తగిలించు.

ఫిబ్రవరి నీళ్ళు మళ్ళీ తెప్పించగలనా అని అడుగుతావేమో. ఈ కాన్వాసులో తెప్పించలేవమ్మా, ఆ జానెడు చోటు మీద పది పూతలున్నాయి. దానికి నాకూ బాధగానే ఉంది. కానీ ఇంకో కాన్వాసు ఉంది కదా. మాఘమాసం వచ్చేసింది, భీష్మ ఏకాదశికి మళ్ళీ అంతర్వేది తీర్థం. నరసాపురం వైపునుంచి జనం అదే పంటెక్కి, అదే రేవుకి, అదే పొద్దుటి ఎండలో వస్తారు. నువ్వు పోయినేడు నిలబడ్డ చోటే నిలబడు. ఈసారి అడుగున్నర కాన్వాసు చాలు. ఇంటికి రాగానే, రంగు ముట్టుకోకముందే, దాని వెనక పెన్సిలుతో రాసుకో: ఏ రోజు, ఎన్నింటికి, పోటా పాటా, ఏం చూసి ఆగిపోయావు. ఆ నాలుగు మాటలకీ అయిదు ఆదివారాలు చాలు. ఎర్రనీరు వచ్చినప్పుడు అది నీకు మళ్ళీ వెయ్యాలనిపిస్తుంది. అప్పుడు వేరే కాన్వాసు తీసి, దాని వెనక ఆషాఢమని రాయి.

ఉగాది ప్రదర్శనకి నేను వస్తాను. పంటు దాటి వస్తాను, పొద్దున్నే.